పాత సంచికలకు కొత్త సూచి: కొన్ని ప్రశ్నలు

లాభాపేక్ష లేకుండా పుస్తకాలూ పత్రికా వెలువరిస్తున్న ఒక ప్రచురణ సంస్థ తన మాసపత్రిక పాత సంచికలన్నిటినీ కంప్యూటరులోకి ఎక్కించాలని, ఎవరికి ఏ వ్యాసం కావలసినా ఒక మాట కొట్టి వెతికి తీసుకునే డేటాబేస్ ఒకటి తయారు చెయ్యాలని సంకల్పించింది. అందుకు ఒక ముసాయిదా రాసి, అభిప్రాయం చెప్పమని కొందరు రచయితలకు పంపింది. అది నాకూ అందింది. ముప్పై ఏళ్ళ సంచికలు బీరువాల్లో చెదలు పట్టకుండా కాపాడుకుంటూ వచ్చిన వాళ్ళ శ్రమను నేను గౌరవిస్తాను. సంస్థ పేరు ఇక్కడ చెప్పటం లేదు. ఎందుకంటే ఇటువంటి ముసాయిదానే ఇవాళ ఏ చిన్న పత్రికైనా రాసుకునే అవకాశం ఉంది, దాదాపు ఇవే మాటల్లో.

ముసాయిదా ఆరు పేజీలు. నాలుగు పేజీలు యంత్రాల గురించీ ఖర్చుల గురించీ. పేజీన్నర కాలవ్యవధి గురించి. వ్యాసాలను ఏ పద్ధతిలో నమోదు చెయ్యాలనే విషయానికి దక్కింది అరపేజీ. ఆ అరపేజీ గురించే నేను మాట్లాడదలుచుకున్నాను.

సాహిత్య విమర్శకు కేటాయించిన పుటల్లో ఈ గుమాస్తా పని చర్చ ఎందుకని మిత్రులు కొందరు అడగవచ్చు. సూచి తయారు చెయ్యటం గుమాస్తా పని అనుకోవటంలోనే అసలు చిక్కంతా ఉంది. ఒక ఉదాహరణ చూద్దాం. తెలుగులో తొలి ఆధునిక కథ అనగానే 1910లో 'ఆంధ్రభారతి'లో వచ్చిన గురజాడ 'దిద్దుబాటు' అని తరాల తరబడి పాఠం చెప్పుకున్నాం. కాని భండారు అచ్చమాంబ 'ధన త్రయోదశి' 1902లోనే 'హిందూ సుందరి'లో అచ్చయింది. అంటే ఎనిమిదేళ్ళు ముందు. అది అచ్చు కాలేదా? అయింది. ఆమె అనామకురాలా? కాదు. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసిన మనిషి, కొమర్రాజు లక్ష్మణరావుకు అక్క. అయినా మన సాహిత్య చరిత్రల్లో ఆ కథకు చాలాకాలం చోటు లేకపోయింది. ఏది మొదటిది, ఏది కథ, ఏది ఆధునికం అనే వాదం వేరే ఉంది, దానిలోకి ఇప్పుడు పోను. కాని ఆ వాదం మొదలు కావటానికే ముందు ఎవరో ఒకరు పాత పత్రికల దొంతర విప్పి, దుమ్ము దులిపి, ఆ పుట దగ్గర ఆగవలసి వచ్చింది. స్త్రీల పత్రిక కాబట్టి వంటలూ వ్రతాలూ ఉంటాయని పక్కన పెట్టినంతకాలం ఆ కథ లేనట్టే లెక్క.

దీనికి రెండో వైపు కూడా మన కళ్ళ ముందే ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు శ్రీకాకుళంలో 1997లో కథానిలయం తెరిచారు. తెలుగులో వచ్చిన ప్రతి కథా ఒకచోట ఉండాలని, ఏ కథ ఏ పత్రికలో ఏ తేదీన వచ్చిందో నమోదు కావాలని ఆయన పట్టుబట్టారు. మంచి కథలే ఉంచుదామని అనలేదు. అంత నిక్కచ్చి కథకుడు, రాసింది ఎంత తక్కువో మనకు తెలుసు, సేకరణ దగ్గర మాత్రం వడపోత పెట్టలేదు. 2021లో ఆయన పోయారు. ఇవాళ ఎక్కడో కూర్చున్న ఒక విద్యార్థి ఒక రచయిత పేరు కొడితే ఆ రచయిత కథల జాబితా కనిపించటం వెనక ఆ పట్టుదల ఉంది. ముందు జాబితా, ఆ తర్వాతే యంత్రం. మన ముసాయిదా ఈ వరసను తలకిందులు చేసింది.

ఇక ఆ అరపేజీకి వస్తాను. పుటలన్నీ స్కాన్ చెయ్యాలి, ప్రతి వ్యాసానికీ నాలుగు గళ్ళు నింపాలి, శీర్షిక, రచయిత, నెల, పుట. తర్వాత 'కంప్యూటరే వెతికి పెడుతుంది' అని రాశారు. ఈ చివరి వాక్యం రాసినవారు తెలుగు పుటను కంప్యూటరు ఎలా చూస్తుందో ఆలోచించినట్టు లేదు. స్కాన్ చేసిన పుట ఒక ఫోటో. అందులో మనకు అక్షరాలు కనిపిస్తాయి, యంత్రానికి నలుపూ తెలుపూ మచ్చలు మాత్రమే. ఆ మచ్చలను పోల్చుకుని అక్షరాలుగా మార్చే ఓసీఆర్ పద్ధతి తెలుగుకు కూడా వచ్చింది, ఏటేటా మెరుగుపడుతోంది, కాదనను. కాని చేత్తో కూర్చి, అరిగిన టైపుతో, న్యూస్‌ప్రింటు మీద అచ్చువేసిన పుటలో వత్తు పక్కకు జరిగి ఉంటుంది, తలకట్టు లేచిపోయి ఉంటుంది, వెనక పుట సిరా ఇటు దిగి ఉంటుంది. అటువంటి చోట వాదం పాదం అవుతుంది. మతం యతం అవుతుంది. ధ, థ, ద మధ్య తేడా ఒక చుక్కా ఒక చిన్న గీతా. అవి పోతే అర్థం పోయినట్టే.

ఇంకో విచిత్రం ఉంది. పాత సంచికలకే ఈ బాధ, డీటీపీ వచ్చాక వచ్చిన సంచికలకు ఫైళ్ళు ఉన్నాయి కదా, వాటితో పని సులువని ముసాయిదా ధీమా. వాస్తవం వేరు. ఆ రోజుల్లో మన డీటీపీ కేంద్రాల్లో వాడిన ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు కూర్చోబెట్టారు. తెర మీద తెలుగు కనిపిస్తుంది, లోపల ఉన్నది అర్థం లేని రోమన్ అక్షరాల వరస. తెలుగుకు తన సొంత స్థానం యూనికోడ్ మొదటి కూర్పులోనే, 1991లోనే ఇచ్చారు. కాని మన ప్రచురణ రంగం అను వంటి ఫాంట్లతోనే ఆ తర్వాత చాలా ఏళ్ళు నడిచింది, ఇంకా కొంత నడుస్తోంది. అంచేత ఆ ఫైళ్ళన్నీ మార్పిడి చెయ్యాలి. మార్చినప్పుడు సంయుక్తాక్షరాలు కొన్ని చెడతాయి. కాబట్టి మనిషి కూర్చుని చదవాలి. ముసాయిదా ఖర్చుల పట్టికలో ప్రూఫు చదివే మనిషికి ఒక్క రూపాయి కూడా రాయలేదు! స్కానరుకు రాశారు, కంప్యూటరుకు రాశారు, సర్వరుకు రాశారు. ఎనభై ఏళ్ళనాటి అచ్చాఫీసులో కూడా ప్రూఫ్ రీడరుకు ఒక స్టూలు ఉండేది.

సరే, అక్షరాలన్నీ సక్రమంగానే వచ్చాయనుకుందాం. అప్పుడు మొదలవుతుంది భాష సమస్య. 'ఇల్లు' అని వెతికితే 'ఇంటి' దొరకదు, 'ఇళ్ళ' దొరకదు. 'ఇళ్ళు' అని వెతికినవాడికి 'ఇళ్లు' అని రాసిన వ్యాసం దొరకదు. 'రైతు' అని కొడితే 'రైతులు' దొరకవచ్చు కాని 'రైతాంగం' దొరకదు, 'కర్షకుడు' అసలే దొరకడు. ఇంగ్లీషుకు తయారైన సెర్చ్ పద్ధతి మాట చివర ఒక అక్షరం పెరగటానికి అలవాటు పడింది. మన భాషలో విభక్తి చేరితే మాట మొదలే మారిపోతుంది, సంధి కలిస్తే రెండు మాటలు ఒకటైపోతాయి. ఇవన్నీ తెలిసిన సంగతులే. వీటికి సాంకేతిక పరిష్కారాలు కొన్ని ఉన్నాయి, మరికొన్ని వస్తాయి కూడా. అదీగాక చదువుకునే కుర్రవాడు ఇవాళ ఫోనులో రోమన్ అక్షరాల్లో తెలుగు కొడతాడు. ఒకే రైతును మూడు నాలుగు రకాలుగా రాస్తాడు. అతను తెలుగు లిపి నేర్చుకుని రావాలని మనం గద్దించి ప్రయోజనం లేదు. అతను ఎలా వెతికినా వ్యాసం దగ్గరికి చేర్చటమే సూచి పని.

సాంకేతికులు పరిష్కరించలేని సమస్య ఒకటుంది. అది చరిత్ర సమస్య. ఒక పరిశోధక విద్యార్థిని 'దళిత' అని వెతికిందనుకోండి. 1985 జూలై 17న కారంచేడులో జరిగిన హత్యాకాండ తర్వాతి సంచికల్లో వ్యాసాలు గుట్టగా వస్తాయి. అంతకు ముందరి సంచికల్లో పలచగా, ఒక్కోచోట శూన్యం. ఆమె ఏ నిర్ణయానికి రావాలి? అంతకుముందు ఈ పత్రికకు ఆ సమస్యే పట్టలేదని రాయవచ్చు. రాస్తుంది కూడా, ఎందుకంటే డేటాబేస్ సాక్ష్యం అలా ఉంది. కాని అంతకుముందరి వ్యాసాల్లో మాట వేరు. హరిజనులు అన్నారు, పంచములన్నారు, అస్పృశ్యులన్నారు, మాలమాదిగలన్నారు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన పంచమ మహాసభ జరిగి, మేము పంచములం కాదు ఆది ఆంధ్రులం అని ప్రకటించుకుంది. ఆ ఒక్క సంఘటన చాలు, పేరు మార్చుకోవటం ఎంత పెద్ద పోరాటమో తెలియటానికి. ప్రతి పేరూ ఒక రాజకీయ దశ. ఎవరు పెట్టిన పేరు, ఎవరు పెట్టుకున్న పేరు, ఎవరు తిరస్కరించిన పేరు అన్నది చరిత్ర.

అయితే ఏం చెయ్యాలి? పాత మాటలన్నీ కొట్టేసి అన్నిటికీ 'దళిత' అని శీర్షిక తగిలిస్తే సరిపోతుందని ఒక మిత్రుడు సూచించాడు. సదుద్దేశమే. కాని అది పాత పుటను తిరగరాయటమే. 1950ల రచయిత ఆ మాట వాడాడనే భ్రమ కలుగుతుంది, ఆయన వాడిన మాటలోని దయాదాక్షిణ్యాల వాసన మాయమవుతుంది. ఆ వాసన తెలియటం కూడా చదువరికి అవసరం. నా ఉద్దేశంలో రెండు గళ్ళు ఉండాలి. ఒక గడిలో వ్యాసం వాడిన మాట వాడినట్టే. రెండో గడిలో ఇవాళ మనం పెట్టే విషయ శీర్షిక. ఈ రెంటినీ కలిపే పదపట్టిక ఒకటి విడిగా ఉండాలి. ఏ మాటతో వెతికినా మిగతా మాటల వ్యాసాలు కూడా కనిపించాలి, కాని ఏ మాట ఎవరిదో చెరిగిపోకూడదు. ఈ పదపట్టిక తయారు చెయ్యటానికి సాఫ్ట్‌వేరు మనిషి చాలడు. ఇక్కడ కావలసింది పత్రిక చదివిన మనిషి, ఉద్యమాల చరిత్ర తెలిసిన మనిషి. ఆ పదపట్టిక ఒక విమర్శ గ్రంథమంత పని. దాన్ని తయారు చేసినవాళ్ళ పేర్లు పైకి కనిపించాలి, ఎవరైనా దానితో విభేదించగలగాలి.

విషయ విభజన మాట వచ్చింది కాబట్టి ముసాయిదా ప్రతిపాదించిన పెట్టెలు చూద్దాం. సాహిత్యం, రాజకీయం, ఆర్థికం, మహిళ, ఇతరం. బీడీలు చుట్టే స్త్రీల కూలి రేట్ల మీద వ్యాసం ఎక్కడికి పోతుంది? ఆర్థికంలోకా, మహిళలోకా? ఈ పట్టిక వేసినవారి దృష్టిలో 'మహిళ' సాహిత్యంలో లేదు, రాజకీయంలో లేదు, ఆర్థికంలో లేదు, ఆమెకు విడిగా ఒక గది కట్టారు. వంటగదికి అవతల ఇంకో గది. ఇక 'ఇతరం' సంగతి చెప్పనక్కర్లేదు. ఏ పట్టికలోనైనా అసలు విషయాలు చేరేది అక్కడికే.

పట్టిక వేసినవాడి లోకం పట్టికలో కనిపించటం కొత్త కాదు. 1876లో మెల్విల్ డ్యూయీ వేసిన దశాంశ వర్గీకరణలో మతానికి ఇచ్చిన వందలో క్రైస్తవం సింహభాగం ఆక్రమించుకుంటుంది, ప్రపంచంలోని తక్కిన మతాలన్నీ 290 దగ్గర సర్దుకోవాలి. ఇంగ్లీషు సాహిత్యానికి 820 మొత్తం ఇస్తే, కోట్లమంది మాట్లాడే తెలుగు సాహిత్యం 894 కింద చుక్క పెట్టి ఇంకో మూడంకెల తర్వాత వస్తుంది. ఈ చట్రం చాలదని 1933లో కోలన్ వర్గీకరణ ఇచ్చినవాడు మన పక్క రాష్ట్రం గణిత ఉపాధ్యాయుడు ఎస్.ఆర్. రంగనాథన్. ఒక రచనను ఒకే పెట్టెలో కుక్కనవసరం లేదని, దానికి ఎన్ని ముఖాలుంటే అన్ని ముఖాలూ విడివిడిగా గుర్తించి కలపవచ్చని ఆయన చెప్పింది. అలమారలో పుస్తకం ఒకచోటే నిలబడాలి, ఆ ఇబ్బంది ఆయనకు ఉంది. కంప్యూటరులో ఆ ఇబ్బంది కూడా లేదు. బీడీ కార్మికురాలి వ్యాసం ఒకేసారి శ్రమ కింద, స్త్రీల కింద, నిజామాబాదు కింద ఉండవచ్చు. అన్ని వసతులూ ఉన్న యంత్రాన్ని తెచ్చుకుని పాత చెక్క అలమారలాగా వాడుకోవటం ఎందుకు?

రచయిత పేరు గడి తేలిక అనుకుంటాం. శ్రీశ్రీ అని ఒకచోట, శ్రీరంగం శ్రీనివాసరావు అని ఒకచోట ఉంటే రెంటినీ కలపాలి. రావిశాస్త్రి, రాచకొండ విశ్వనాథశాస్త్రి అంతే. బీనాదేవి అంటే ఇద్దరు, భార్యాభర్తలు, ఒకే పేరు. గడిలో ఒక మనిషికే చోటుంటే రెండో మనిషి ఏమవుతారు? కొడవటిగంటి కుటుంబరావు 'చందమామ'లో ఏళ్ళ తరబడి పేరు లేకుండా రాసిందానికి ఏ గడీ లేదు. అనువాదకుడి పేరు కోసం ముసాయిదాలో గడే లేదు. రష్యను కథ తెలుగులో తనంత తానే అచ్చయినట్టు! మన పత్రికలు అనువాదాల మీద బతికిన దశలు ఉన్నాయి. ఆ పని చేసినవాళ్ళలో చాలామంది చిన్న ఉద్యోగులు, బడిపంతుళ్ళు. వాళ్ళ పేరు చివర చిన్న టైపులో కుండలీకరణాల్లో ఉంటుంది. దాన్ని కూడా ఎక్కించకపోతే వాళ్ళు రెండోసారి చిన్నబోతారు.

ఇంతకంటే బరువైన ప్రశ్న ఒకటుంది. మన పత్రికల్లో మారుపేర్లన్నీ సరదాకు పెట్టుకున్నవి కావు. 1975-77 ఎమర్జెన్సీ కాలంలో రచయితలు జైళ్ళలో ఉన్నారు, పత్రికల మీద సెన్సారు ఉంది. ఉద్యోగం పోతుందని, పోలీసులు ఇంటికి వస్తారని, అత్తవారింట గొడవవుతుందని పేరు మార్చుకుని రాసినవాళ్ళున్నారు. పాత చందా రిజిస్టర్లూ పారితోషికం పుస్తకాలూ చూసి 'అసలు పేరు' గడి నింపుతామని ముసాయిదా ఉత్సాహంగా రాసింది. నేను దీన్ని పూర్తిగా వ్యతిరేకిస్తున్నాను. కాగితం మీద ఒక మారుపేరు రహస్యం పదిమందికి తెలిసి ఉండటం వేరు, ఒక బటను నొక్కితే నలభై ఏళ్ళ రచనలన్నీ ఒక ఇంటి పేరు కింద వరసగా నిలబడటం వేరు. రచయిత తానుగా ప్రకటించుకున్నా, సంకలనంలో అచ్చయినా కలపండి. రచయిత పోయి ఉంటే, అచ్చులో ఎక్కడా లేకపోతే, కుటుంబాన్ని అడగండి. కాదంటే మారుపేరును మారుపేరుగానే ఉంచండి. సాహిత్య చరిత్రకు నష్టం కదా అంటారు. కొంత నష్టమే. ఆ రోజు ఆ పేరు చాటున నిలబడి రాసిన మనిషికి పత్రిక ఇచ్చిన మాట అంతకంటే పెద్దది.

'పాఠకుల లేఖలు, గ్రంథ సమీక్షలు, ప్రకటనలు, సభా విశేషాలు నమోదు చెయ్యనవసరం లేదు' అన్న వాక్యం చదివినప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది. సాహిత్య పత్రికలో వాదం జరిగేది ఎక్కడ? ఒక పెద్ద విమర్శకుడు ఒక నెల పది పుటల వ్యాసం రాస్తాడు. మరుసటి నెల ఎక్కడో మారుమూల ఊరి నుంచి ఒక టీచరు అర పుట ఉత్తరం రాసి ఆ వాదం నడుము విరుస్తాడు. ఆ తర్వాతి నెల విమర్శకుడు సర్దుకుంటాడు. ఈ ముసాయిదా ప్రకారం డేటాబేసులో వ్యాసం ఉంటుంది, ఉత్తరం ఉండదు. రేపటి చదువరికి ఆ వ్యాసం ఎదురులేనిదిగా కనిపిస్తుంది. వాదం దొరికి ప్రతివాదం దొరకని చోట వాదమే తీర్పు అవుతుంది. పెద్ద శీర్షికతో రాసేవారు తరచు నగరాలవారు, స్థిరపడినవారు. ఉత్తరాలు రాసేవారిలో స్త్రీలు ఎక్కువ, కొత్తవారు ఎక్కువ, తర్వాత రచయితలైనవారి మొదటి అచ్చు కొన్నిసార్లు ఆ ఉత్తరమే.

కాబట్టి ఐదో గడో ఆరో గడో ఒకటి పెట్టాలి, 'దేనికి జవాబు' అని. ఏ ఉత్తరం ఏ వ్యాసం మీద, ఏ సమీక్ష ఏ పుస్తకం మీద, ఏ సవరణ ఏ పుట మీద అన్న లంకె అందులో ఉంటుంది. ఈ గడిని ఏ యంత్రమూ తనంత తాను నింపలేదు. చదివినవాళ్ళే నింపాలి. మొత్తం ప్రణాళికలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది ఈ గడే. ఇది ఉంటే పత్రిక సంచికల దొంతర ఒక సంభాషణగా కనిపిస్తుంది. లేకపోతే అది విడివిడి కాగితాల మూట.

డబ్బు మాట ముసాయిదాలో వివరంగానే ఉంది. ఖర్చు రాబట్టుకోవటానికి చదువరుల నుంచి ఏడాది చందా వసూలు చెయ్యాలని, చందా కట్టనివారికి శోధన ఫలితాలు కూడా చూపకూడదని కోశాధికారి సూచన. ఆయన ఇబ్బంది నాకు తెలుసు, సర్వరు అద్దె ఎవరో ఒకరు కట్టాలి. అయినా ఇక్కడ కొంచెం లోకానుభవం చూడాలి. అమెరికాలో 1995లో ఏర్పడిన జేస్టోర్ కూడా లాభాపేక్ష లేని సంస్థే. పాత విద్యా పత్రికలను కాపాడటానికి అది చేసిన పని చిన్నది కాదు. కాని దాని తలుపులు విశ్వవిద్యాలయాల చందాల తాళంతో తెరుచుకునేవి. ఆ వ్యాసాలను పెద్దఎత్తున దించుకున్నందుకు 2011లో ఆరన్ స్వార్ట్జ్ అనే యువకుడిని అరెస్టు చేశారు. జేస్టోర్ తన వరకు తాను అతనితో రాజీపడినా ప్రభుత్వం కేసు వదలలేదు. 2013 జనవరిలో, విచారణకు ముందే, ఇరవై ఆరేళ్ళ వయసులో అతను ఆత్మహత్య చేసుకున్నాడు. 2011లోనే జేస్టోర్ బాగా పాతబడిన, కాపీరైటు తీరిన వ్యాసాలను అందరికీ తెరిచింది. లాభాపేక్ష లేకపోవటం ఒక్కటే తలుపు తెరిచి ఉంచదని దీన్నిబట్టి తెలుస్తుంది. లాభం లేకుండా కూడా తాళం వెయ్యవచ్చు.

మన సంస్థ విషయంలో నా అభిప్రాయం స్పష్టం. సూచి మాత్రం పూర్తిగా, ఎప్పటికీ, అందరికీ ఉచితంగా ఉండాలి. శీర్షిక, పేరు, తేదీ, పుట, విషయం చెప్పటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వ్యాసం పూర్తి పాఠం వేరే సంగతి. మన చట్టం ప్రకారం రచన మీద హక్కు రచయిత జీవితకాలం, ఆ తర్వాత అరవై ఏళ్ళు. మన చిన్న పత్రికల్లో రచయితతో ఒప్పంద పత్రం రాసుకున్నవాళ్ళు ఎవరు? ఒక పోస్టుకార్డు, ఒక సంచిక, అదే పారితోషికం. పత్రికలో ఒకసారి వేసుకొమ్మన్న రచన మీద శాశ్వత హక్కు మనదే అనుకోవటం, అందులోనూ దాన్ని చందాకు అమ్మటం, రచయితల సంఘాలు ఇన్నేళ్ళూ ప్రచురణకర్తలతో ఏ విషయం మీద పోట్లాడాయో ఆ పనే మనం చెయ్యటం. రచయితలకూ వారసులకూ ఉత్తరాలు రాయాలి. చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. జవాబు రాని చోట సూచి ఉంచి, పాఠం కావలసినవాళ్ళు ఏ గ్రంథాలయానికి వెళ్ళాలో చెప్పాలి. వేటపాలెం సారస్వత నికేతనానికి పాత పత్రికల కోసం రైలెక్కి వెళ్ళినవాళ్ళు మనలో ఇంకా ఉన్నారు. ఎక్కడుందో తెలిస్తే వెళ్ళేవాడు వెళతాడు.

ఇంకొక్క విషయం. సర్వమూ ఒక గుత్తేదారు చేతిలో పెట్టి, ఆయన సాఫ్ట్‌వేరులోనే వివరాలన్నీ నింపాలని ముసాయిదా. ఆయన దుకాణం మూస్తే? భారత డిజిటల్ గ్రంథాలయం పేరుతో ప్రభుత్వ ధనంతో లక్షల పుస్తకాలు స్కాన్ చేశారు, వాటిలో తెలుగువి వేలు. పేర్లు వంకరటింకర రోమన్ లిపిలో ఎక్కించటంతో ఉన్న పుస్తకం కూడా దొరికేది కాదు. చివరికి ఆ వెబ్‌సైటే మూతపడింది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ముందే నకళ్ళు చేరి ఉండబట్టి ఆ తెలుగు పుస్తకాలు ఇవాళ చదవగలుగుతున్నాం. కాగితానికీ ఇదే ధర్మం. 2000 ఆగస్టులో హైదరాబాదు వరదల్లో సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోని అరుదైన ఉర్దూ సేకరణ తడిసి దెబ్బతింది. ఒకేచోట ఉన్నది ఒకేసారి పోతుంది. కాబట్టి వివరాల పట్టిక ఏ కంప్యూటరైనా చదవగలిగే సాదా రూపంలో సంస్థ చేతిలోనే ఉండాలి. కనీసం మూడు నకళ్ళు, మూడు ఊళ్ళలో. ఒక నకలు కాగితం మీద అచ్చువేసి గ్రంథాలయాలకు పంపినా నాకు నవ్వులాటగా తోచదు.

ఇదంతా ఎంత పని? ముప్పై ఏళ్ళంటే 360 సంచికలు. ఉత్తరాలూ సమీక్షలూ కలిపి సంచికకు పాతిక అంశాలు వేసుకుంటే 9000. ఒక మనిషి సాయంత్రానికి ఇరవై అంశాలు చదివి, గళ్ళు నింపగలిగితే 450 సాయంత్రాలు. నలుగురు కూర్చుంటే వారానికి మూడు రోజుల చొప్పున తొమ్మిది నెలలు. అసాధ్యమేమీ కాదు. కాని ముసాయిదా ఇచ్చిన మూడు నెలల్లో కాదు. ముందు ఒక్క ఏడాది సంచికలు తీసుకుని, ఇద్దరు విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా కార్డుల మీద నమోదు చెయ్యాలి. తర్వాత రెండు కట్టలూ పక్కపక్కన పెట్టి ఎక్కడెక్కడ తేడా వచ్చిందో చూడాలి. ఒకరు 'భూసంస్కరణలు' అని రాసినచోట రెండోవారు 'వ్యవసాయం' అని రాసి ఉంటారు. ఆ తేడాల మీద కూర్చుని మాట్లాడుకుంటే పదపట్టిక మొదటి ముసాయిదా తయారవుతుంది. సాఫ్ట్‌వేరు మనిషిని అప్పుడు పిలవాలి.

ఎమర్జెన్సీ విధించిన 1975 సంచికలతో మొదలుపెట్టమని నా సూచన. మారుపేర్లు, సెన్సారు వదిలిన ఖాళీలు, జవాబు రాయలేకపోయిన చర్చలు అన్నీ ఆ పన్నెండు నెలల్లో తగులుతాయి. ఖాళీగా వదిలిన స్థలాన్ని కూడా ఒక అంశంగా, పుట సంఖ్యతో సహా నమోదు చెయ్యాలి. ఒక కట్ట నేను రాస్తానని సంస్థవారికి తెలియజేశాను. ఆ ఏడాది ఆగస్టు, సెప్టెంబరు సంచికలు వారి బీరువాలో లేవట. ముసాయిదాలో ఆ సంగతి లేదు, అడిగితే చెప్పారు. తప్పిపోయిన సంచికల పట్టిక ముసాయిదా మొదటి పేజీలో వేసి, పాత చందాదారులకు పంపమని వారికి రాశాను.